జింకల వేటకు తేలిక తూటా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఆస్టిన్‌కు పడమరగా ఉంటాం. మావారితో పనిచేసే ఒకాయన కుటుంబానికి లానో వైపు పెద్ద పొలం ఉంది. ఈ నవంబరులో జింకల వేటకు మమ్మల్ని అక్కడికి రమ్మన్నారు. నేనూ, మా పదిహేనేళ్ల అమ్మాయీ తుపాకీ కాల్చడం నేర్చుకోవడం మొదలుపెట్టాం. ఇద్దరమూ సన్నగా, పొట్టిగా ఉంటాం. ఆ పొలం ఆయనేమో .30–06 తూటా కన్నా చిన్నది జింకకు చాలదంటున్నారు, దుకాణంలోనేమో .223 తూటా తీసుకోండి, భుజానికి ఏమీ తెలియదన్నారు. మా ఇద్దరికీ సరిపడే తేలికైన తూటా ఏది?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీకు అందిన రెండు సలహాలకూ నడుమనే మీకు కావలసినది ఉంది. .243 వించెస్టర్ తూటాకు తయారైన రైఫిల్ ఒకటి తీసుకోండి. అందులో 95 లేదా 100 గ్రెయిన్ల బరువున్న, జింకల కోసమే తయారుచేసిన బుల్లెట్ వాడండి. మొదటి సీజనులో 150 గజాలకు మించిన దూరానికి కాల్చకండి. ఈ మూడింటిలో మొదటిదాని గురించే అందరూ వాదించుకుంటారు గానీ, జింక ఎక్కువ బాధ పడకుండా పడిపోతుందా లేదా అన్నది చాలావరకు తక్కిన రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే కారణాలు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా లెక్కలు. తూటా అంటే గొట్టం, అందులోని పేలుడు మందు, కొసన బుల్లెట్ అన్నీ కలిసినది; బుల్లెట్ అంటే అందులోంచి దూసుకుపోయే ముక్క మాత్రమే. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు, కాబట్టి 100 గ్రెయిన్లంటే సుమారు ఆరున్నర గ్రాములు. .243 అన్నది అంగుళంలో బుల్లెట్ వ్యాసం. 1955లో వించెస్టర్ కంపెనీ తన .308 తూటా గొట్టాన్నే తీసుకుని, దాని మెడను సన్నగా నొక్కి, చిన్న బుల్లెట్ పట్టేట్టు చేసి దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. అంటే పెద్ద బుల్లెట్‌ను తోయడానికి సరిపడే మందు ఇక్కడ చిన్న బుల్లెట్‌ను తోస్తుంది. ఫ్యాక్టరీలో తయారైన 100 గ్రెయిన్ల మామూలు తూటాలో బుల్లెట్ సెకనుకు సుమారు 2,960 అడుగుల వేగంతో, 1,900 అడుగు-పౌండ్లకు కాస్త పైబడిన శక్తితో బయలుదేరుతుంది. 200 గజాలు వెళ్లేసరికి కూడా 1,300 అడుగు-పౌండ్ల దాకా మిగిలి ఉంటుంది. జింకను తాకేటప్పుడు కనీసం 1,000 అడుగు-పౌండ్లు ఉండాలన్నది అమెరికాలో వేటగాళ్లు ఏనాటినుంచో చెప్పుకొనే కొలబద్ద. ఆ అంకెలో మహత్యమేమీ లేదు గానీ, కొత్తవారికి హద్దు గీసుకోవడానికి పనికొస్తుంది. మీరు వెళ్లే హిల్ కంట్రీలో (లానో ఉన్న కొండల ప్రాంతంలో) వైట్‌టెయిల్ జింకలు విస్కాన్సిన్, మిన్నెసోటా జింకల కన్నా ఒంటిలో బాగా చిన్నవి. కాబట్టి మీ పనికి .243 ఏ మాత్రం తక్కువ కాదు.

ఇక .30–06 సంగతి. అది 1906 నాటి గొప్ప తూటా, దానితో అమెరికాలో దొరికే ఏ జింకనైనా కొట్టవచ్చు. మీ మిత్రుడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయితే, ఏడున్నర ఎనిమిది పౌండ్ల రైఫిల్‌తో కాల్చినప్పుడు భుజం మీద పడే తన్ను .243కు సుమారు 9 అడుగు-పౌండ్లయితే, .30–06కు 20 దాకా ఉంటుంది. అలవాటైన మనిషికి ఆ తేడా పట్టదు. కొత్తగా నేర్చుకునే వారికి మాత్రం నాలుగో తూటా, అయిదో తూటా కాల్చేసరికి ఒళ్లు ముందుగానే భయపడడం మొదలుపెడుతుంది. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకునే క్షణంలోనే కళ్లు మూసుకుపోతాయి, భుజం ముందుకు తోస్తుంది, గొట్టం మూతి కిందికి వాలుతుంది. కాల్చేవారికి ఇది తెలియదు, ఎందుకంటే వెంటనే వచ్చే పేలుడులో ఆ కదలిక మునిగిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి షూటింగ్ రేంజిలో ఒక పరీక్ష ఉంది. మీకు నేర్పుతున్నవారిని మ్యాగజైనులో అసలు తూటాల మధ్య మందు లేని డమ్మీ తూటా ఒకటి, మీకు తెలియకుండా, కలిపి పెట్టమనండి. డమ్మీ వంతు వచ్చినప్పుడు ‘టిక్’మన్న చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు, ఆ క్షణంలో గొట్టం మూతి కదలకుండా నిలిచి ఉంటే మీ చేయి బాగున్నట్టు. మూతి రెండంగుళాలు కిందికి దూకితే, ఆ తూటా తన్ను మీకు ఎక్కువవుతున్నట్టు. ఈ పరీక్ష .243తో ఒకరోజు, ఆ పెద్ద రైఫిల్‌తో ఇంకొకరోజు చేసి చూస్తే, ఎవరి సలహా వినాలో మీ చేతులే చెబుతాయి. పెద్ద తూటాతో పొట్టలో తగిలిన జింక రాత్రంతా పొదల్లో పడి చస్తుంది. చిన్న తూటాతో ఊపిరితిత్తుల్లో తగిలిన జింక నిమిషంలోపే నేలకొరుగుతుంది. తేలిక తూటా కోరుకోవడం పిరికితనమని ఎవరన్నా పట్టించుకోకండి.

మరి తేలిక కావాలంటే .223 ఎందుకు వద్దు? టెక్సస్ చట్టం దాన్ని అనుమతిస్తుంది. అక్కడ జింకలకు రిమ్‌ఫైర్ తూటాలు (అడుగు అంచు మీద కొడితే పేలే, .22 వంటి చిన్న తూటాలు) మాత్రమే నిషిద్ధం. కొలరాడోలో అయితే .24 అంగుళాల కన్నా తక్కువ వ్యాసం ఉన్న బుల్లెట్‌తో జింకను కొట్టడం చట్టవిరుద్ధం, వర్జీనియాలో ఆ హద్దు .23 అంగుళాలు. సాధారణంగా దొరికే 55 గ్రెయిన్ల .223 తూటాకు గొట్టం మూతి దగ్గరే సుమారు 1,280 అడుగు-పౌండ్లు ఉంటుంది. నూరు గజాలు చేరేలోపే మన కొలబద్ద కిందికి పడిపోతుంది. గట్టి బుల్లెట్ ఎంచుకుని, దగ్గరనుంచి, సరిగ్గా పక్కవాటుగా నిలబడిన జింకను కొట్టగలిగిన అనుభవజ్ఞులు దాన్ని ఏటా వాడుతూనే ఉన్నారు. కాని చిన్న పొరపాటుకు కూడా అది చోటివ్వదు. పొరపాట్లు కొత్తవారే ఎక్కువగా చేస్తారు కాబట్టి, కొత్తవారి చేతికి దాన్ని ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. .243 పేరు మీద దుకాణంలో రెండు జాతుల తూటాలు అమ్ముతారు. 55, 58 గ్రెయిన్ల తేలిక బుల్లెట్లున్నవి కయోటీల వంటి చిన్న జంతువుల కోసం; అవి తాకగానే చిట్లిపోయేలా తయారవుతాయి. అటువంటిది జింక జబ్బ ఎముకకు తగిలితే పైనే పగిలి, వెడల్పాటి గాయం చేసి, లోపలికి మాత్రం దిగదు. ‘.243తో కొడితే జింక పారిపోయింది’ అన్న కథలు విన్నప్పుడల్లా ఏ బుల్లెట్ వాడారని అడగండి. మీకు కావలసినది తాకాక ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంటూనే వెనక భాగం చెదరకుండా లోపలికి దూసుకుపోయే బుల్లెట్. పెట్టె మీద జింక బొమ్మ ఉందా, బరువు 90 గ్రెయిన్లకు తగ్గకుండా ఉందా చూడండి. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్లయితే 80, 85 గ్రెయిన్లు చాలు, ఎందుకంటే అవి ముక్కలు కాకుండా దాదాపు మొత్తం బరువును నిలుపుకుంటాయి.

బుల్లెట్ బరువు ఎంత నిర్ణాయకమో తూటాల చరిత్రే చెబుతుంది. .243 వచ్చిన 1955లోనే రెమింగ్టన్ కంపెనీ అదే వ్యాసంలో .244 అనే తూటాను తెచ్చింది. మందు పట్టడంలో అది.243 కన్నా ఒక మెట్టు పైనే ఉంటుంది. అయితే బుల్లెట్‌ను గిరగిరా తిప్పి నిలకడగా పంపే, తుపాకీ గొట్టం లోపలి మెలికలను పన్నెండు అంగుళాలకొక చుట్టు చొప్పున పెట్టారు. అవి 90 గ్రెయిన్ల దాకా ఉన్న బుల్లెట్లకే నమ్మకంగా సరిపోతాయి. వించెస్టర్ పది అంగుళాలకొక చుట్టు పెట్టి, 100 గ్రెయిన్ల బుల్లెట్‌ను స్థిరంగా తిప్పింది. ఒకే రైఫిల్‌తో చిన్న జంతువులనూ, జింకలనూ కొట్టాలనుకున్న జనం .243 వైపు మొగ్గారు. రెమింగ్టన్ 1963లో మెలికలు సరిచేసి, అదే తూటాకు 6 ఎంఎం రెమింగ్టన్ అని కొత్త పేరు పెట్టినా, పోయిన ఊపు తిరిగి రాలేదు.

జింక మీకు పక్కవాటుగా నిలబడినప్పుడు ముందు కాలి వెనక అంచు వెంట చూపును పైకి తీసుకువెళ్లి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆపండి. ఆ చుట్టూ ఎనిమిదంగుళాల వృత్తంలో గుండె, ఊపిరితిత్తులు ఉంటాయి. వెనక నుంచి ఏటవాలుగా మీకు దూరంగా తిరిగి ఉంటే, అవతలి ముందు కాలిని గురిగా పెట్టుకోవచ్చు. ఎదురుగా మీవైపే చూస్తున్నా, తోక మీవైపు తిప్పి నడుస్తున్నా .243తో కాల్చకండి, తిరిగేదాకా ఆగండి. తిరగకపోతే వదిలేయండి. .30–06 మోసేవారు ఒక్కోసారి తీసుకోగలిగే అవకాశాన్ని తేలిక తూటా వాడేవారు వదులుకోక తప్పదు. దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. చిన్న బుల్లెట్ చేసిన రంధ్రం చిన్నది కాబట్టి నెత్తురు ఆలస్యంగా కారుతుంది. జింక ఎగిరి, వెనక కాళ్లు ఝాడించి, యాభై గజాలో వంద గజాలో పరుగెత్తవచ్చు. తప్పిపోయిందనుకోకుండా అది ఏ చెట్టు పక్కనుంచి వెళ్లిందో గుర్తు పెట్టుకుని, అరగంట మంచె దిగకుండా కూర్చుని, ఆ తర్వాత అది నిలబడిన చోటికి వెళ్లి గడ్డి మీద వెతకండి. నురుగుతో కూడిన లేత ఎరుపు నెత్తురు కనిపిస్తే ఊపిరితిత్తులకు తగిలినట్టే. ముదురు రంగు, పచ్చటి పసరు కలిసిన నెత్తురైతే పొట్టలో తగిలినట్టు. అప్పుడు వెంటపడకుండా కొన్ని గంటలు ఆగి, అనుభవం ఉన్నవారిని తీసుకుని వెళ్లాలి.

ఇతర తూటాలలో మీకు తగినవి రెండే ఉన్నాయి. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్, 1980లో వచ్చిన 7 ఎంఎం–08 రెమింగ్టన్ రెండూ 140 గ్రెయిన్ల చుట్టూ ఉన్న బుల్లెట్‌ను మంచి వేగంతో తోస్తాయి. వాటి తన్ను 12 అడుగు-పౌండ్ల ప్రాంతంలో, అంటే.243కూ .30–06కూ మధ్యలో ఉంటుంది. మీ అమ్మాయి రెండు మూడేళ్లలో ఇంకా పెద్ద జంతువుల వైపు వెళ్లాలనుకుంటే 7 ఎంఎం–08 మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. మొదట్లో వాడుకోవడానికి, తన్ను తగ్గించి తయారుచేసిన తూటాలు కూడా దానికి దొరుకుతాయి. 1915 నాటి .250 సావేజ్, 1934 నాటి .257 రాబర్ట్స్ ఎంతో సౌమ్యమైనవి, జింకకు చక్కగా సరిపోతాయి. కాని పల్లెటూరి దుకాణంలో వాటి తూటాలు దొరకవు, వేటకు ముందురోజు రాత్రి అది పెద్ద ఇబ్బంది.

రైఫిల్ గురించి ఒక్క మాట. చేతికి తేలిగ్గా ఉందని ఆరు పౌండ్లది కొంటే, ఆ తేలికతనమంతా భుజం మీద తన్నుగా తిరిగి వస్తుంది. స్కోపుతో కలిపి ఏడున్నర పౌండ్లకు తగ్గకుండా, స్టాక్ పొడవు (ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చివర దాకా) మాత్రం మీకు సరిపడేలా పొట్టిగా, పన్నెండున్నర పదమూడు అంగుళాలు ఉండేది చూడండి. చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకండి. చాలామంది తన్నుకు భయపడుతున్నామనుకుంటారు గానీ నిజానికి వారు బెదిరేది చప్పుడుకే. సాధనలో ఎక్కువ భాగం .22 రిమ్‌ఫైర్ రైఫిల్‌తో చేయండి. ఆ పొలంలో .308 రైఫిళ్లు కూడా ఉంటే మీ తూటాలను వాటితో ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టకండి. అవి ఒకే కుటుంబానికి చెందినవి, వెనక భాగం ఒకేలా ఉంటుంది, పొరపాటున ఒకదానిది ఇంకొకదానిలో పడితే ప్రమాదం. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటగాళ్ల శిక్షణ కోర్సు పూర్తిచేయాలి కాబట్టి, మీరిద్దరూ నవంబరుకు ముందే ఆ పని ముగించండి.

ప్రశ్న: నేను డాలస్‌లో హెచ్–1బి వీసా మీద ఉన్నాను. స్నేహితుడి .243 రైఫిల్ తీసుకుని వేటకు వెళ్లాలనుకుంటున్నాను. కొనడం లేదు కాబట్టి ఇబ్బంది లేదు కదా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఇబ్బంది ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. ఎరువు తెచ్చుకున్నా అంతే. దీనికి ఉన్న మినహాయింపులలో మీకు వర్తించగలిగినది ఒకటి: అమెరికాలోని ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ పేరున ఉండాలి. కాబట్టి ముందు శిక్షణ, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే రైఫిల్‌ను తాకడం. లైసెన్సు గడువు ముగిసిన రోజున మీ బీరువాలో తూటాల పెట్టె ఒక్కటి మిగిలి ఉన్నా చిక్కే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. మీ వలస న్యాయవాదిని ఒకసారి అడిగి, వారి మాట లిఖితంగా తీసుకోండి. వీసా భవిష్యత్తును పణంగా పెట్టేంత వేట ఏదీ లేదు.

ప్రశ్న: శాన్ ఆంటోనియో దగ్గరి రాంచ్‌లలో (పెద్ద పశువుల పొలాలలో) మన చుక్కల దుప్పులు, కృష్ణజింకలు, మనుబోతులు కూడా ఉన్నాయని విన్నాం. వాటికీ .243 సరిపోతుందా? మన జంతువులను వేటాడడం తప్పు కాదా?
– ఒక పాఠకుడు, శాన్ ఆంటోనియో

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఇది చాలామంది తెలుగువారి మనసులో ఉంటుంది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద భారతదేశంలో వాటిని వేటాడడం జైలుకు దారితీసే నేరం. అలాగే ఉండాలి కూడా. టెక్సస్‌లో పరిస్థితి వేరు. 1932లో అక్కడికి తెచ్చిన చుక్కల దుప్పులు రాంచ్‌ల కంచెలు దాటి అడవిలోకి విస్తరించి, స్థానిక వైట్‌టెయిల్ తినే మేతను పంచుకుంటున్నాయి. వైట్‌టెయిల్‌కు తగిన ఆకులు అయిపోతే దుప్పులు గడ్డితో కూడా బతకగలవు, వైట్‌టెయిల్ బతకలేదు. రాష్ట్రం వీటిని పరదేశపు జంతువులుగా లెక్కగట్టి, సీజను గానీ సంఖ్య గానీ నిర్ణయించలేదు. వేట లైసెన్సూ, భూమి యజమాని అనుమతీ మాత్రం తప్పనిసరి. మనసు ఒప్పకపోతే వెళ్లకండి, అది గౌరవించవలసిన భావనే. వెళ్తే మాత్రం తప్పు చేస్తున్నామన్న బాధ అక్కర్లేదు.

ఇక తూటా. కృష్ణజింక వంద పౌండ్లకు మించడం అరుదు. దానికి .243 నిండుగా సరిపోతుంది. అయితే అది మైదానాలలో తిరుగుతుంది కాబట్టి దూరం ఎక్కువవుతుంది. 200 గజాలకు గురి సరిచూసిన .243 బుల్లెట్ 300 గజాల దగ్గర సుమారు ఏడంగుళాలు కిందికి దిగుతుందని గుర్తుంచుకోండి. మగ చుక్కల దుప్పి సుమారు 150 నుంచి 200 పౌండ్లు, ఒక్కోసారి అంతకు మించి కూడా తూగుతుంది, కండ గట్టిది. గట్టి బుల్లెట్‌తో, పక్కవాటుగా ఉన్నప్పుడు .243 పనిచేస్తుంది గానీ, ఏడాది పొడవునా దుప్పుల కోసమే వెళ్లేవారికి నేను 7 ఎంఎం–08 చెబుతాను. మనుబోతు మాట వేరు. దక్షిణ టెక్సస్‌లోని మగ మనుబోతు 600 పౌండ్ల దాకా పెరుగుతుంది. మెడ, జబ్బల మీద తోలు మందం, కింద ఎముక బలం. దాని మీద .243 వాడడం క్రూరత్వమే అవుతుంది. అక్కడి గైడ్లు .300 మ్యాగ్నమ్ తరగతి తూటాలను అడుగుతారు, సరిగ్గానే అడుగుతారు. భుజం అంత తన్ను తట్టుకోలేకపోతే మనుబోతును వదిలేయడమే మేలు.

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో ఉంటాం. రో అనే చిన్న జాతి జింకల కోసం .243కు అనుమతి తీసుకున్నాను. మాంసం ఇంట్లో పిల్లలు తింటారు. సీసం బుల్లెట్ల గురించి భయపడాలా?
– ఒక పాఠకుడు, యార్క్‌షైర్

జవాబు: భయం కాదు గానీ జాగ్రత్త అవసరమే. లోపల సీసం, పైన రాగి తొడుగు ఉన్న బుల్లెట్ జింక ఒంట్లో విచ్చుకునేటప్పుడు సన్నని సీసపు ముక్కలు గాయం చుట్టూ చాలా దూరం చెదురుతాయి. వాటిలో కొన్ని కంటికి కనపడవు, పంటికి తగలవు. వేగం ఎక్కువయ్యేకొద్దీ చెదరడం ఎక్కువ; .243 వేగమైన తూటాయే. ఎదిగే పిల్లలకూ, గర్భవతులకూ సీసం ఎంత తక్కువైనా మంచిది కాదు. కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వన్యప్రాణుల వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. మీరు చేయవలసినది పూర్తి రాగి బుల్లెట్‌కు మారడమే. ఇంగ్లండ్‌లో చట్టం రో జింకలకు .240 అంగుళాల వ్యాసం, గొట్టం మూతి దగ్గర 1,700 అడుగు-పౌండ్ల శక్తి తగ్గకూడదంటుంది. మీరు కొనే 80 లేదా 85 గ్రెయిన్ల రాగి తూటా ఆ శక్తిని అందుకుంటుందో లేదో పెట్టె మీది అంకెలతో సరిచూసుకోండి. మీ గొట్టం పొట్టిదైతే వేగం అంతకన్నా తగ్గుతుందని కూడా లెక్కలో వేసుకోండి. స్కాట్లండ్‌లో పెద్ద జింకలకు చాలాకాలం 100 గ్రెయిన్ల కనీస బరువు నియమం ఉండేది, దానివల్ల .243లో రాగి వాడడం కష్టమయ్యేది. 2023లో ఆ హద్దును 80 గ్రెయిన్లకు తగ్గించారు.

రాగికి మారాక రైఫిల్‌ను మళ్లీ కొత్తగా సరిచూడాలి, పాత గురి పనికిరాదు. రాగి బుల్లెట్ విచ్చుకోవడానికి వేగం కావాలి, అందుచేత దూరాన్ని సీసపు బుల్లెట్ కన్నా కాస్త తగ్గించుకోండి. గొట్టం గరుకుగా ఉంటే రాగి పేరుకుని గురి చెదురుతుంది కాబట్టి తుడవడం కొంచెం ఎక్కువగా చేయాలి. మీ ఫ్రీజరులో ఇప్పటికే ఉన్న మాంసం సీసపు బుల్లెట్‌తో కొట్టినదైతే, గాయం చుట్టూ విశాలంగా కోసి పారేశామని గుర్తున్న భాగాలనే పెద్దలు తినండి, జబ్బ మాంసంతో చేసిన కీమాను పిల్లలకు పెట్టకండి.